పొడిమట్టి బొక్కలో చేయి పెట్టిన రోజు

ఈ పొద్దున నాయుడుపేట సంతలో గంపనిండా ఎండ్రకాయలు, అదే, పీతలు. ఆ బురద వాసన తగలగానే కుడిచేతిని వెనక్కి లాక్కున్నాను.

పొలంగట్ల మీద ఎండ్రకాయలు పట్టినవాళ్లు మీలో ఎంతమంది ఉన్నారు? నాకు నేర్పింది మా మేనత్త. బొక్క అంచున తడిమట్టి ఉండలుంటే ఎండ్రకాయది. అది ఒళ్లు ఎండిపోకుండా నీటిచెమ్మ తగిలేదాకా తవ్వుకుంటూ పోతుంది. పొడిమట్టి కుప్పగా ఉంటే ఎలుకది. వరికంకులు దాచుకోవడానికి, పిల్లల్ని పెట్టడానికి తవ్వుతుంది.

"పొడిమట్టి బొక్కలో మాత్రం చెయ్యి పెట్టబాకమ్మే" అనేది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. కోతల రోజులు. అత్త ముందు నడుస్తుంటే, కంకులు దొరుకుతాయన్న ఆశతో ఎలుక బొక్కలో మోచేతిదాకా చేయి దూర్చాను. గుడ్లు తగిలాయి. ఒకటి బయటికి తీశాను. తోలులా మెత్తగా ఉంది.

"అత్తా, పిట్టగుడ్డు!"

అత్త వెనక్కి తిరిగి కొయ్యబారిపోయింది. "కదలబాకమ్మే. దాన్ని మెల్లంగా కింద పెట్టు."

పెట్టాను. నా చేయి వచ్చిన దారినే తాచుపాము తల బయటికొచ్చింది. నా మోకాలికి జానెడు దూరంలో పడగ విప్పింది. ఎంతసేపటికో అది లోపలికి పోయింది.

అత్త నన్ను గట్టు చివరిదాకా ఈడ్చుకుపోయి చెంప ఛెళ్లుమనిపించింది. ఆ వెంటనే కావలించుకుని ఏడ్చింది.

"పాము బొక్క తవ్వదే! ఎలకను మింగి, దానింట్లోనే గుడ్లు పెడతాది."

ఆ మధ్యాహ్నం భయానికి నా కుడిచేయి కంచందాకా లేవలేదు. అత్తే అన్నం కలిపి తినిపించింది. ప్రతి ముద్దా సగం ఆమె చేతిలోంచి జారి నా గౌనులోనే పడింది.