ఎలీసమ్మ అడిగిన బీమా

మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసే ఎలీసమ్మ చీపురుపల్లిలో ఒంటరిగా ఉంటుంది. గంజి కాచి, ఊది చల్లార్చి, ముందు తన కుక్క రాజుకి పోసి, తర్వాత తను తాగుతుంది. వార్డులో జరిగిన కబుర్లన్నీ దానికే చెబుతుంది. ఒక సాయంత్రం బీమా ఏజెంటు నరసింగరావు గోడకి సైకిలు ఆనించి అరుగు మీద కూర్చున్నాడు.

"కుక్కకి కట్టే బీమా ఉన్నాదా బాబూ? ఎంతవుతాది?" అని అడిగింది.

"లేదమ్మా. ఉన్నా దండగే. అది పోతే ఆ డబ్బు ఏటి సేసుకుంటావు?"

ఎలీసమ్మ రాజు చెవులు నిమురుతూ ఆలోచించింది. "నిజమే. అయితే నా మీద రాయి. నేను పోతే ఆ డబ్బు దాని కూటికివ్వు."

"డబ్బు తీసుకోడానికి మనిషి పేరుండాల. నీకెవులున్నారు?"

ఆమె రాజు వైపు, తర్వాత నరసింగరావు వైపు చూసింది. నరసింగరావు లేచి సైకిలు తీశాడు.

"రాజూ, బాబుని రోడ్డు దాకా దిగబెట్టు," అంది ఎలీసమ్మ. "కాస్త మాలిమి సేసుకో."