మిల్లు చదివించిన ఇన్సాఫ్

గానుగ సీజను మొదలైతే మా ఊళ్ళో ఉతికి ఆరేసిన బట్టలకు కూడా పాకం వాసన పట్టేది. ఎగువ ఈజిప్టులో, నైలు ఒడ్డున, మాది చక్కెర మిల్లు ఊరు. ఆ వాసన ఇప్పుడెక్కడ తగిలినా నాకు ముందు ఇన్సాఫే గుర్తొస్తుంది.

ఇన్సాఫ్ చెరకు కాటా గదిలో గుమాస్తా. ముప్పై దాటింది. తండ్రి బాయిలర్ దగ్గర పనిచేసి పోయాడు. తల్లి దౌలత్‌తో మిల్లు క్వార్టర్లోనే ఉండేది. చదువు డిప్లొమాతో ఆగిపోయింది. చదువు వెలుగనీ, మూడో కన్ననీ ఉపన్యాసాలిచ్చేవాళ్ళంటే నాకు చిరాకు. ఇన్సాఫ్‌కు కావలసింది వెలుగు కాదు, నేను పనిచేసే అకౌంట్స్ గదిలో ఒక కుర్చీ. దానికి కామర్స్ డిగ్రీ ఉండాలి.

మిల్లులో ఒక మంచి నిబంధన ఉండేది. చేసే పనికి అక్కరకొచ్చే చదువైతే ఫీజు మిల్లే కడుతుంది. పరీక్షలకు జీతంతో సెలవు, కాలేజీ ఉన్న అస్యూత్‌కు రైలు పాసు. డిగ్రీ వచ్చాక అయిదేళ్ళు మిల్లు వదలకూడదు. "వదిలి ఎక్కడికి పోతాను, నైల్లోకా?" అని నవ్వేది ఇన్సాఫ్.

ఇన్సాఫ్ అర్జీ పెట్టుకుంది. మేనేజరు షౌకత్ ఇంజనీరు ఆమెను పిలిచి సరేనన్నాడు. కాలేజీ గడువు గురువారం, ఆలోగా సంతకం పెడతానన్నాడు. ఆ రాత్రి దౌలత్ కూతుర్ని గట్టిగా హెచ్చరించింది. "కాగితం చేతికొచ్చేదాకా నోరు మెదపకు. ఎవడి కన్ను ఎలాంటిదో."

మా ఊరి సంగతే అది. గేదె చూడి కడితే నిలవలేదని చెప్పుకుంటారు. బిడ్డ బతకాలని షహ్హాత్, అంటే బిచ్చగాడు, అని పేరు పెడతారు. ఇన్సాఫ్ నోరు మూసుకుని ఊరుకున్నా సరిపోయేది. అడిగినవాళ్ళందరికీ "ఇవ్వనన్నారు" అని చెప్పింది. పైగా రొట్టెల వరసలో నిలబడి నిట్టూర్చింది కూడా.

అది సీజనుకు ముందు, యంత్రాలు విప్పి బాగుచేసే కాలం. ఫిట్టర్లకు పనికంటే టీలు ఎక్కువ. వాళ్ళ పెద్ద మేస్త్రీ పేరు నిజంగానే షహ్హాత్, ఇన్సాఫ్ తండ్రికి ప్రాణ స్నేహితుడు. మంగళవారం పొద్దున్నే పదిమందిని వెంటేసుకుని మేనేజరు గదిలోకి దూరాడు.

"ఇంజనీరు గారూ, ఆఫీసర్ల బావమరుదులు చదవొచ్చు, చచ్చిపోయిన మా వాడి కూతురు చదవకూడదా?"

"ఎవరన్నారు? నేను ఎప్పుడో ఒప్పుకున్నాను."

"ఆ పిల్లే చెప్పింది."

షౌకత్ మొహం కందగడ్డయింది. ఇన్సాఫ్‌ను పిలిపించి అందరి ముందే అన్నాడు. "ఊరంతా నన్ను పిసినారిని చేశావు. ఆ చదువేదో నీ డబ్బుతోనే చదువుకో."

షహ్హాత్ ఆమె వంక కూడా చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

గడువుకు మధ్యలో ఒక్క బుధవారమే మిగిలింది. ఇంట్లో దౌలత్ ఇంకా తన పాటే పాడుతోంది. "చూశావా, కన్ను తగలనే తగిలింది."

"ఏ కన్నూ తగల్లేదమ్మా. నా నోరే తగిలింది," అంది ఇన్సాఫ్.

బుధవారం షిఫ్టు మారే వేళ మిల్లు గేటు దగ్గర, లోపలికి పోయేవాళ్ళూ బయటికి వచ్చేవాళ్ళూ కలిసేచోట నిలబడింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఇన్సాఫ్ అందరికీ వినిపించేలా చెప్పింది. "ఇంజనీరు గారు నన్ను చదివిస్తానన్నారు. కాదన్నారని అబద్ధం చెప్పాను. మీ కళ్ళకు భయపడి చెప్పాను."

షహ్హాత్ మేస్త్రీ చేతుల గ్రీజు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"మా కళ్ళా? నీ చిన్నప్పుడు ముక్కు కార్చుకుంటూ తిరిగేదానివి, దిష్టి పెట్టేంత అందమేం లేదే తల్లీ."

గేటంతా గొల్లున నవ్వింది. ఇన్సాఫ్ ఏడుస్తూనే నవ్వి, వంగి ఆయన తల మీద ముద్దు పెట్టుకుంది. మా వైపు అంతకు మించిన క్షమాపణ లేదు. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని నేరుగా మేనేజరు గదికి తీసుకెళ్ళాడు. "మోసపోయింది మేము, కోపం మాది. మేము దించేసుకున్నాం. మీకెందుకండీ ఇంకా?" షౌకత్ సంతకానికి కలం అడిగాడు.

డిగ్రీకి అయిదేళ్ళు పట్టింది. ప్రతి మే నెలలో, గానుగ చల్లారే రోజుల్లో, తెల్లవారుజాము రైలెక్కి అస్యూత్ వెళ్ళేది. పక్క బెంచీ కుర్రాళ్ళు "ఎవరిదిరా ఈ బెల్లం వాసన" అనేవాళ్ళట. రెండో ఏడు గణాంకశాస్త్రం తప్పింది. దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక్కరూ నమ్మలేదు. ఫిట్టర్ల పెళ్ళాలు శుభవార్తలకు పంచే షర్బత్ కలిపి తెచ్చి, "పాసయ్యావులే, మాకు తెలుసు" అని బలవంతంగా తాగించారు. మళ్ళీ రాసి గట్టెక్కింది.

తర్వాత అకౌంట్స్‌లో నా ఎదురు కుర్చీలోనే కూర్చుంది. అయిదేళ్ళ కట్టుబాటు తీరిన రోజు "ఇక ఎక్కడికైనా పోవచ్చుగా" అన్నాను. తలెత్తకుండానే, "ఈ లెక్క తేలనీ" అంది. రిటైరయ్యేదాకా ఆ కుర్చీ వదల్లేదు.