సగం దించిన షట్టరు

పొద్దున షట్టరు ఎత్తగానే, లోపల మగ్గిన ఏలకుల వాసన గుప్పుమంటుంది. ఆ వాసనకు నాకు మా నాయన ఏడ్చిన రోజు గుర్తొస్తుంది.

తమిళనాడులోని బోడినాయకనూరులో మాది ఏలకుల అంగడి. బోణీ కాకముందు అంగట్లో కన్నీళ్ళు పెట్టకూడదనేది మా అవ్వ, నాయన తల్లి. పెడితే ఆ రోజు బేరాలే ఉండవని చిన్నప్పుడు నేను గట్టిగా నమ్మాను. అవ్వ పోయాక అంగడి తెరిచిన మొదటి రోజు, ఎస్టేటు జీపు డ్రైవరొకాయన వచ్చి, చేట ముందేసుకుని కూర్చునే పెద్దావిడ ఏదని తమిళంలో అడిగాడు. నాయన తక్కెడ చేత్తో పట్టుకునే వెక్కి వెక్కి ఏడ్చాడు.

వీధంతా మమ్మల్నే చూస్తోందనిపించి సిగ్గుతో చచ్చిపోయాను. పరుగెత్తి షట్టరు సగానికి లాగేశాను.

"ఏంటికి కన్నా మూస్తావు?" అన్నాడు నాయన.

"బోణీ కాలేదు నాయనా! అందరూ చూస్తా ఉండారు."

"చూడనీ. మాయమ్మ పోయె, ఏడుపు వచ్చె. దీంట్లో సిగ్గేముంది?"

తడి మొహంతోనే షట్టరు పైకెత్తి, డ్రైవరుకు ఏలకులు తూచాడు. నేను మాత్రం మధ్యాహ్నం దాకా మూటల వెనకనుంచి బయటికి రాలేదు.

నిన్న పొద్దున నా కూతురు, చచ్చిపోయిన పిల్లిపిల్ల కోసం ఏడుస్తూ అంగడికొచ్చింది. నా చెయ్యి దానంతటదే షట్టరు మీదికి పోయింది. సగం దించేసరికి పిల్ల అడిగింది.

"నేను ఏడ్చేది ఎవరూ చూడకూడదా అప్పా?"

దాని మొహంలోకి చూడలేకపోయాను. షట్టరు మాత్రం పూర్తిగా పైకెత్తాను. బోణీ ఇంకా కాలేదు.