ఒక మీటరు, రెండు వంటిళ్లు

ఈ రోజు నాచారంలోని మా ఇంటికి పైపు గ్యాస్ బిగించడానికి టెక్నీషియన్ వచ్చాడు. మా మీటరు నుంచే పై పోర్షన్‌లో అద్దెకుంటున్న సుజాతగారికీ ఒక పైపు లాగమన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

అతను తల అడ్డంగా ఊపాడు. "గట్ల కుదరదన్నా. ఈ మీటరు ఒక్క ఇంటికే. రూలు ఒప్పుకోదు."

"రెండిండ్లల్ల ఒక్కసారే వండుతరా తమ్మీ?"

"అన్ని పొయ్యిలు ఒక్కసారి ముట్టిస్తే ఎంత గావాల్నో గదే లెక్కన్నా. మీరు కింద పెద్దమంట పెడితే పైన మంట సన్నగై ఆరిపోవచ్చు. ఆమె సూసుకోకపోతే గ్యాస్ వస్తనే ఉంటది."

మెట్ల మీద నిలబడి వింటున్న సుజాతగారు నా వైపు చూశారు. మేం కింద నల్లా తిప్పితే పైన నీళ్లు ఆగిపోతున్నాయని ఆమె రెండేళ్లుగా చెబుతున్నారు. జర సర్దుకోమంటూ వచ్చింది నేనే.

రెండు మీటర్లకు ఒప్పుకున్నాను. సాయంత్రం ప్లంబర్‌కూ ఫోన్ చేశాను. గ్యాస్‌కు రూలుంది కాబట్టి పది నిమిషాల్లో దారికొచ్చాను. నీళ్లకు లేదు కాబట్టి రెండేళ్లు పట్టింది.

ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ఒకసారి కింద నల్లా తిప్పి ఉంచి, పైకెళ్లి అక్కడి నల్లా తిప్పి చూడండి. ఏం కనిపించిందో కామెంట్లలో నిజమే రాయండి.