నాయన కుడి భుజం

మావాళ్లు నేతపనికి వలసొచ్చిన మరాఠీ ఊళ్లో, భవాని పేట్‌లోని మా ఇంటి ముందుగదిలోనే పవర్‌లూమ్ ఉంటుంది. దాన్ని మేం సాంచె అంటాం. నాయన దాని మీద చద్దర్లు నేస్తాడు. ఒక వానాకాలం పొద్దున మోటారు స్విచ్ వేయబోతే ఆయనకు కరెంటు కొట్టింది. ఒళ్లంతా బిగుసుకుపోయి పక్కకు పడిపోయాడు. నేను పరుగెత్తుకొచ్చేసరికి కుడిచేతిని పొట్టకు అదిమి పట్టుకుని కూర్చున్నాడు.

దగ్గర్లోని దవాఖానాలో గుండె పరీక్ష చేశారు, భుజానికి ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు, కండరం పట్టేసిందంతే అని మాత్రలిచ్చి పంపారు.

కానీ ఆ చెయ్యి పొట్ట మీంచి కదల్లేదు. అమ్మ బీడీల చాట పక్కన పెట్టి, నూనె వేడిచేసి రుద్దేది. మొదట్లో "మెల్లగ" అనేవాడు. తర్వాత అదీ మానేసి కళ్లు మూసుకునేవాడు. చూడ్డానికొచ్చిన పెద్దనాయన నవ్వుతూ, "ఫోటోల ఏం లేదన్నరు గదరా. సాంచె కాడికి పోవాలంటె భయమైతుందా ఏంది?" అన్నాడు.

ఆయన వెళ్లిపోయాక నాయన నన్ను దగ్గరికి పిలిచాడు. "నిజంగనే భయమేనా బిడ్డా? నాకే సమజ్ అయితలేదు."

తన నొప్పినే తాను నమ్మలేని స్థితికి వచ్చాడని అప్పుడర్థమైంది. మర్నాడే ఆటోలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె మరాఠీ అమ్మాయి. ఎక్స్‌రే పక్కన పెట్టి, నాయన చొక్కా విప్పించి, వెనక నిలబడి రెండు భుజాలనూ చాలాసేపు చూసింది. "కాకా, మోచేతులు నడుముకు ఆనించి, చేతులు రెండూ బయటికి తిప్పండి" అంది మరాఠీలో. ఎడమచెయ్యి సులువుగా తిరిగింది. కుడిచెయ్యి వణికిందే తప్ప ఇంచు కూడా జరగలేదు.

చంక వైపు నుంచి మరో ఎక్స్‌రే తీయించింది. చేతి ఎముక గుండు కీలులోంచి వెనక్కి జారి ఉంది. కరెంటు కొట్టినా, ఫిట్స్ వచ్చినా ఇలా జారుతుందనీ, ముందు నుంచి తీసిన ఫోటోలో ఒక్కోసారి తెలియదనీ చెప్పింది.

"అయితే నొప్పి ఉన్నదే గదా!" అన్నాడు నాయన. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది బాధ కాదని నాకు తెలుసు.

మత్తిచ్చి ఎముకను మళ్లీ కీలులో కూర్చోబెట్టారు. ఇంకా ఆలస్యమైతే కోసి సరిచేయాల్సి వచ్చేదట. చెయ్యి పొట్ట మీదికి రాకుండా పట్టీ కట్టారు. అది తీశాక కసరత్తులు చేయించారు. ఇప్పుడా చెయ్యి పూర్తిగా పైకి లేవదు, అటక మీది సామాను అమ్మ దించుతుంది. నేత మాత్రం నాయనదే.