మా ఆయన మెదడు మీద రాసిన కాయితం

మా ఆయన పోయింది పట్నం దవాఖానల. తొంభైలు అయిపొయ్యేటప్పటి ముచ్చట. నడుస్తుంటే కాళ్లు తడవడేటియి, చేతిల చెంబు నిలువకపోయేది, ఆఖరికి నన్ను కూడ గుర్తువట్టలే. ఏం రోగమో ఎవ్వలు చెప్పలే. పానం పోయినంక ఒక డాక్టరమ్మ వచ్చి, "మెదడు మాకిస్తే పరీక్ష చేసి చూస్తామమ్మా, మా సంస్థ పనే అది" అన్నది. అండ్ల ఏమున్నదో తెలుసుకోవాలని నాకూ ఉండె. వేలిముద్ర ఏసిన.

బాన్సువాడకు తెచ్చి కాలవెట్టినం. మూడొద్దులకు పిట్టకు పెడితే కాకి ముట్టలే. పోయినోళ్లకు కోరిక మిగిలితే ముట్టదంటరు. మా అత్త నా దిక్కు జూసి, "ఎట్ల ముడుతది? తలకాయల సరుకు పట్నంల పెట్టొస్తివి. నా కొడుకు ఆడ్నే తిరుగుతుండు" అన్నది. నేను విస్తరి ముంగట నిలవడి, "దాన్ని ఏం చేసిండ్రో కనుక్కొని అత్తకు చెప్త" అని మొక్కిన. అప్పుడు ముట్టింది.

ఇగ అత్త ఇడువలే. నాట్లేసి నడుములు విరిగి ఇంటికొస్తే గదే మాట. "ఏమైందే నా కొడుకు తలకాయ?"

కొన్నేండ్లకు కన్ను సూపిచ్చుకుందామని పట్నం పోయిన. బిడ్డను ఎంట తీస్కొని ఆ సంస్థకు పోయిన. లోపట గోడకు ఒక బోర్డు, దాని నిండ అంకెలు. చక్కెర ఫ్యాక్టరీ గేటు కాడ ఎన్ని టన్నుల చెరుకు ఆడిందో రాస్తరు సూడు, గట్ల. బిడ్డ చదివి చెప్పింది: ఈ ఏడు వీళ్లు ఎన్ని పరిశోధనలు రాసిండ్రో, బయటోళ్లు తమ రాతలల్ల వాటి ముచ్చట ఎన్నిసార్లు ఎత్తిండ్రో, ఆ లెక్క అట.

డాక్టరమ్మ దొరికింది. మా ఆయన మీద రాసిన కాయితం తీసి సూపిచ్చింది. పేరు లేదు, ఒక రైతు అని ఉన్నదట.

"గిది ఎవలన్న చదివిండ్రా?" అన్న.

"చదివారమ్మా. జపాన్‌లో ఒకాయన అలాంటి రోగాన్నే చూసి మనది ఎత్తి చెప్పాడు. ఇంకొకాయన మనం చెప్పింది తప్పని రాశాడు."

"తప్పన్నది కూడ బోర్డు లెక్కల వస్తదా?"

"వస్తుంది. తిట్టినా లెక్కే."

"గట్లయితే మా అత్త తిట్లు రాస్కోండ్రి, మీ బోర్డు సాలది" అన్న. ఆమె నవ్వింది.

తప్పెవలిదో ఇంక తేలలేదట. మెదడు ముక్కలు గాజు పలకల మీద భద్రంగ ఉన్నయట, మల్ల తీసి సూస్తుండ్రట. నన్నూ సూడనియ్యమన్న. మంచిగున్న కన్ను యంత్రానికి ఆనిచ్చి సూసిన. అంత ఊదా రంగు, నడుమ నడుమ తెల్లగ బొక్కలు. నా మనిషి అని ఏమనిపియ్యలే. ఆ బొక్కలు ఎట్ల పడ్డయో, గదే సోంచాయించిన.

ఇంటికొచ్చేటాల్లకు అత్త అరుగు మీద చిక్కుడుకాయ తుంచుతున్నది. అంత చెప్పిన. దేశం కాని దేశపోళ్లు నీ కొడుకు గురించి కొట్లాడుతుండ్రన్న.

"తప్పన్నోడు ఎవడు?"

"ఎవడో దొర. నాకేమెర్క."

"వాడు నా కొడుకును సూసిండా?"

"సూడలే. కాయితం సూసిండు."

అత్త కాయలు పక్కకు వెట్టింది. "మల్ల పోతె నన్ను తోల్కపో. ఆ డాక్టరమ్మకు నేను చెప్త, వాడు ఎట్ల నడుస్తుండెనో."