బాపు పహరా, నా చెవి

రుద్రూర్ దాటాక వచ్చే మా ఊళ్లో ఏటా శ్రావణంలో ఏడు రోజులు ఆగకుండా భజన చేస్తారు. మరాఠీ ఊళ్ల నుంచి మాకు వచ్చిన ఆచారం. ఆ ఏడు రోజులూ వీణను, అంటే మెడలో వేసుకునే తంబుర లాంటి వాయిద్యాన్ని, నేలమీద పెట్టకూడదు, పాట తెగకూడదు. రెండు గంటలకోసారి పహరా, అంటే పాడేవాళ్ల వంతు, మారుతుంది. కొత్తగా వీణ మెడలో వేసుకున్నవాడు, దిగిపోయేవాడి శ్రుతిలోనే నామం అందుకోవాలి. సాయంత్రం నాలుగు గంటల పహరా ఏళ్లుగా మా బాపుది, మా నాన్నది. నిరుడు బాపు పోయాడు. పత్రికలో పనిచేసి రిటైరైన నాకు ఆ పహరా వచ్చింది. నాకు పాట రాదు.

భజన పెద్ద మొహమాటపడలేదు. "శ్రుతి అందకుంటే వేరేటోళ్లకు ఇస్త కొడకా. మీ బాపు మొఖం జూసి ఈ ఒక్కసారి ఆగుతున్న."

బాపు హార్మోనియం నిజామాబాద్‌లోని మా ఇంటికి తెచ్చుకున్నాను. నేను గోడవైపు తిరిగి కూర్చునేవాణ్ని. మా ఆవిడ ఏదో ఒక మెట్టు నొక్కేది. అది ఏ స్వరమో నేను చెప్పాలి. పాడటానికి సిగ్గేసి, పేరు చెబితే చాలనుకున్నాను. మొదట్లో అన్నీ తప్పులే.

"పేపర్ల మంది తప్పులు దిద్దినవ్. గిప్పుడు నీ తప్పులు నేను దిద్దాలె," అని నవ్వింది.

రెండో నెలకు ఒక్కటీ తప్పలేదు. అప్పుడే తిత్తి చిరిగి గాలి పోతుంటే బజారులో బాగుకిచ్చాను. "రీడ్లు గూడ ఖరాబున్నయ్ సార్, అన్ని సాఫ్ జేసిన," అన్నాడు బాగుచేసినాయన, లోపలి ఇత్తడి నాలుకలు చూపిస్తూ.

ఇంటికి తెచ్చాక నొక్కిన ప్రతి మెట్టూ తప్పు చెప్పాను. అంతకుముందు గాంధారం గరగరలాడేది, పంచమం ఆలస్యంగా పలికేది, నిషాదం బుసకొట్టేది. రెండు నెలలూ నేను పట్టుకున్నది ఆ జబ్బులను, స్వరాలను కాదు.

భజనకు తొమ్మిది రోజులే ఉన్నాయి. పొద్దున లేవగానే, ఏ శబ్దమూ చెవిన పడకముందే షడ్జం పాడి, తర్వాత మెట్టు నొక్కి సరిచూసుకునేవాణ్ని. ఒకరోజు శ్రుతికి కింద, ఒకరోజు పైన. గొంతు బొంగురుపోయింది. మా ఆవిడ నవ్వడం మానేసింది.

భజన మొదటి రోజు నాలుగింటికి, దిగిపోయే పసుపు రైతు వీణ నా మెడలో వేశాడు. నోరు తెరిచాను. కిందికి పడింది. తాళాలు తడబడ్డాయి. మళ్లీ ఎత్తుకున్నాను, పైకి పోయింది. ఆ రైతు పాట ఆపకుండానే నా చెవి దగ్గరికి వచ్చి పాడాడు. అయినా అందలేదు.

"వీణ ఇచ్చెయ్ కొడకా," అన్నాడు పెద్ద. "పాట ఆగద్దు."

నేలకు తగలకుండా రెండు చేతులా ఎత్తి ఇచ్చాను. వెనక వరుసలో కూర్చున్నాను. ఆరింటిదాకా అదే నామం, అదే శ్రుతి. పెదవులు బిగించి లోపలే అందుకోవాలని చూశాను. అందిందో లేదో నాకు తెలియలేదు.